చుక్కల మధ్య గీతలు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఆ రోజు తన కొమ్మల మీద 150 మందిని కాపాడిందని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలుపు మీద మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఇంకోసారి ఇలాంటి గండం రాకుండా దారి చూపించడం ఆయన పని. ఆయన నదిని మాత్రమే చూసి ఊరుకోలేదు. ఎగువన ఉన్న చెరువుల లెక్క కూడా చూశారు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నట్టు, అంటే దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు ఉన్నట్టు తేలింది. ఆ వానకు వాటిలో 221 తెగాయి.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వరద ఎలా వచ్చిందో కళ్లకు కడుతుంది. పై చెరువు కట్ట తెగితే దాని నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. అప్పటికే నిండుకుండలా ఉన్న ఆ చెరువు తన నీళ్లను కూడా కలిపి కిందికి వదులుతుంది. ఊరికి చేరేసరికి అది వాన నీరు ఒక్కటే కాదు, చెరువుల వరుస మొత్తం. మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టాలన్న ఆలోచన అలా రూపుదిద్దుకుంది. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి.

ఒక నదీ పరీవాహకంలోని చెరువులు, కుంటలు, మడుగులు, బురద నేలలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో పటం గీసి, ఆ పటాన్ని బట్టి ఏది ముందు కాపాడాలో తేల్చుకోవడం ఇప్పుడు ప్రపంచమంతటా పర్యావరణ శాస్త్రంలో పెద్ద పని. విశ్వేశ్వరయ్య చేసింది వరద కోసం చేసిన లెక్క. అయినా దాని వెనకున్న చూపు ఇదే. చెరువును విడిగా చూస్తే చెరువు అర్థం కాదు.

తెలుగు నేలలో ఈ చూపుకు పేరు ఎప్పటినుంచో ఉంది. గొలుసుకట్టు చెరువులు. దక్కను పీఠభూమిలో ఏడాది పొడుగునా పారే నదులు తక్కువ. కురిసే నాలుగు నెలల వానను పట్టుకోవాలి. అందుకని వాగు దిగివచ్చే వాలు వెంబడి ఒకదాని కింద ఒకటిగా చెరువులు కట్టారు. పై చెరువు నిండితే మత్తడి దూకుతుంది. ఆ నీరు ఒర్రె పట్టుకుని కింది చెరువుకు పోతుంది. అది నిండితే దాని మత్తడి దూకుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువులు కట్టిన కాకతీయుల కాలంలో ఈ పద్ధతి తెలంగాణ అంతటా పాకింది. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ కోసం లెక్క తీసినప్పుడు రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు తేలాయి. ఇన్ని ఉన్నాయని తెలుసు. ఏది దేనికి నీళ్లిస్తుందో చెప్పే పటం ప్రతి గొలుసుకూ ఉందా అన్నది వేరే ప్రశ్న.

చెరువు లెక్క ఎప్పుడూ చుక్కల లెక్కగానే సాగింది. ఇరాన్‌లోని రామ్‌సార్‌లో 1971 ఫిబ్రవరి 2న చిత్తడి నేలల ఒప్పందం కుదిరినప్పటి నుంచి దేశాలు తమ సరస్సుల జాబితాలు తయారుచేస్తున్నాయి. మన దేశంలో ఇస్రోకు చెందిన అహ్మదాబాద్ అంతరిక్ష ఉపయోగాల కేంద్రం 2011లో ఇచ్చిన జాతీయ అట్లాసు గొప్ప పని. 2.25 హెక్టార్లకు మించిన చిత్తడి నేలలు అందులో 2,01,503 ఉన్నాయి. అంతకన్నా చిన్నవి 5,55,557. ఆ చిన్నవాటికి ఆకారం గీయడం ఆ కొలతలో కుదరదు కనుక పటం మీద ఒక్కొక్కదాన్ని ఒక్కో చుక్కగా పెట్టారు.

సంక్రాంతి ముగ్గు వేసే ఆడవాళ్లకు తెలుసు, చుక్కలు పెట్టడం సగం పనే. అవే చుక్కలతో తామరపువ్వు కలపవచ్చు, రథం కలపవచ్చు. ఏది ఏ చుక్కతో కలుస్తుందన్న దాన్ని బట్టి ముగ్గు తేలుతుంది. పరీవాహకం కూడా అంతే. చుక్కలు లెక్కపెట్టే పని చాలావరకు అయింది. గీతలు కలిపే పని మిగిలింది.

గీతలకు ఒక గణితం ఉంది. అదీ ఒక నది ఒడ్డునే పుట్టింది. నేటి రష్యాలోని కలినిన్‌గ్రాడ్‌ను ఒకప్పుడు కోనిగ్స్‌బర్గ్ అనేవారు. ప్రెగెల్ నది ఆ ఊరిని ముక్కలుగా చీలుస్తుంది. ఆ ముక్కల మధ్య ఏడు వంతెనలు. ఒక్కో వంతెన ఒక్కసారే దాటుతూ ఊరంతా తిరిగి రావచ్చా అన్నది అక్కడివాళ్ల పొడుపుకథ. 1736లో లియోనార్డ్ ఆయిలర్ నేల ముక్కలను చుక్కలుగా, వంతెనలను గీతలుగా మార్చి, సాధ్యం కాదని తేల్చాడు. నేల ఎంత పెద్దదో, వంతెన ఎంత పొడవో ఆయనకు అక్కర్లేకపోయింది. ఏది దేనితో కలిసిందన్నదే చాలింది. 2001లో డీన్ అర్బన్, తిమోతీ కీట్ అనే అమెరికన్ పర్యావరణ శాస్త్రవేత్తలు ఈ చుక్కలూ గీతల గణితంతో ప్రకృతిలోని ఆవాసాల మధ్య సంబంధాలను ఎలా చదవవచ్చో వివరించారు. అడవి ముక్కలకైనా చెరువులకైనా ఇప్పుడు పటాలు గీసేది చాలావరకు ఈ పద్ధతిలోనే.

ఆచరణలో అది ఇలా మొదలవుతుంది. ముందు నీరు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. 2016లో యూరప్ పరిశోధకులు 1984 నుంచి 2015 దాకా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన 30 లక్షల చిత్రాలను కంప్యూటర్‌తో జల్లెడ పట్టి, భూమి మీద ఏ చోట నీరు ఎప్పుడూ ఉంది, ఎక్కడ వచ్చి పోయింది, ఎక్కడ మాయమైంది అన్నది 30 మీటర్ల గళ్లలో చూపించారు. వానాకాలంలో మబ్బు అడ్డుపడితే రాడార్ ఉపగ్రహాలు ఉన్నాయి. వాటికి మబ్బు అడ్డు కాదు. తరవాత నేల ఎత్తుపల్లాలు. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ 11 రోజుల యాత్రలో కొలిచినవి ఉన్నాయి, మన కార్టోశాట్ కొలిచినవి ఉన్నాయి. నేలను గళ్లుగా కోస్తారు. ప్రతి గడికీ చుట్టూ ఎనిమిది గళ్లు ఉంటాయి. వాటిలో వాలు ఎటు ఎక్కువగా ఉంటే అటు నీరు జారుతుందని కంప్యూటర్‌కు చెబుతారు. గడి గడికీ ఈ లెక్క వేసుకుంటూ పోతే వాగులూ వంకలూ వాటంతటవే తెర మీద మొలకెత్తుతాయి.

అయితే తెలుగు పల్లెల్లో ఈ పటం సగం తప్పుతుంది. చెరువు కట్టను కంప్యూటర్ గుట్ట అనుకుంటుంది. మత్తడి ఏ మూలన ఉందో దానికి తెలియదు. మూడు మీటర్ల వెడల్పున్న ఒర్రె 30 మీటర్ల గడిలో కలిసిపోతుంది. వాగు మీద కత్వ కట్టి, అక్కడి నుంచి కట్టు కాలువతో నీటిని పక్క వాలులోని చెరువుకు మళ్లించిన చోట నీరు కంప్యూటర్ గీసిన దారిలో పోదు, మనిషి తవ్విన దారిలో పోతుంది. రోడ్డు కింద కల్వర్టు గొట్టం వాగు అడుగుకన్నా జానెడు ఎత్తులో ఉంటే నీరు దాటుతుంది కానీ ఎదురెక్కే చేప ఆగిపోతుంది. ఆ జానెడు తేడా ఏ ఉపగ్రహానికీ అందదు.

అందుకే ఈ పని నడిచి చేయాలి. ఊరి నక్షాను, పాత టోపోషీటును చేత పట్టుకుని, చెరువు నీళ్లు వదిలిన నీరటిని వెంటబెట్టుకుని వెళ్లాలి. ఏ తూము ఎప్పుడు తీసేవారు, ఏ ఏడు ఏ మత్తడి దూకింది, పాత కాలువ ఎవరి చేను కిందికి పోయింది అన్నది నీరటికి నోటిమీద ఉంటుంది. ఆ తరం మనుషులు ఊళ్లలో తగ్గిపోతున్నారు. ఇది తొందరపడవలసిన విషయం.

గీత అంటే నీరు పారే దారి ఒక్కటే కాదు. నీరు కిందికే పోతుంది, చేప పైకి కూడా పోతుంది. తొలకరి కొత్తనీటికి చేపలు ఎదురెక్కడం చూడని పల్లె లేదు. కొర్రమీను, ఇంగిలాయి వంటివి గాలి కూడా పీల్చగలవు కనుక తడిసిన గట్ల మీదుగా, వరి మళ్లలోంచి ఒక కుంట నుంచి ఇంకో కుంటకు చేరతాయి. వాటికి పొలం కూడా దారే. సముద్రం నుంచి వరద గోదావరికి ఎదురీది ధవళేశ్వరం దాకా వచ్చే పులసకు కావలసింది నది పొడుగునా అడ్డు లేని దారి. మలుగుపాముది దీనికి తలకిందులు. అది బతికేది మంచినీటిలో, గుడ్లు పెట్టడానికి పోయేది సముద్రానికి. ఒకే నీటి పటం మీద ఈ మూడు రకాల ప్రాణులకూ మూడు వేర్వేరు ముగ్గులు పడతాయి.

పక్షికి వాగు అక్కర్లేదు. తిరుపతి జిల్లాలోని నేలపట్టు చెరువులో నీట మునిగినా బతికే కడప చెట్లున్నాయి. గూడబాతులు ఆ చెట్ల మీద గూళ్లు కడతాయి. వాటి పిల్లలకు మేత మాత్రం ఆ చిన్న చెరువులో సరిపోదు. సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని పులికాట్‌కు, చుట్టుపక్కల చెరువులకు ఎగిరిపోయి చేపలు తెస్తాయి. నేలపట్టులో ఒక్క చెట్టు కూడా కొట్టకుండా కాపాడి, ఆ చుట్టుపక్కల చెరువులను ఎండబెడితే గూళ్లు ఖాళీ అవుతాయి. అక్కడి గీత గాలిలో ఉంది. నేల మీద దాని జాడ ఉండదు, అయినా పటంలో ఉండి తీరాలి.

గీతలను మరిచిపోతే ఏమవుతుందో 2024లో విజయవాడ చూసింది. కొల్లేరు సరస్సు అనగానే ఏలూరు, కైకలూరు గుర్తొస్తాయి. ఆ సరస్సులోకి నీళ్లు తెచ్చే బుడమేరు పుట్టేది మైలవరం కొండల్లో. అది విజయవాడ అంచుల మీదుగా కొల్లేరుకు పోతుంది. వరద ఎక్కువైతే వెలగలేరు దగ్గర నుంచి మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కుండపోత వానకు ఆ మళ్లింపు కాలువ గట్టు తెగింది. అదే సమయంలో కృష్ణ కూడా ఉరకలెత్తింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయిలో 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అజిత్‌సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. దిగువన కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఏకైక దారి ఉప్పుటేరు. మైలవరం, విజయవాడ, కొల్లేరు, ఉప్పుటేరు, సముద్రం. ఇది ఒకే గీత. పటంలో మాత్రం దాని ముక్కలు వేర్వేరు జిల్లాల్లో, వేర్వేరు శాఖల కింద ఉన్నాయి.

కొల్లేరును కాపాడే ప్రయత్నం జరగలేదని కాదు. 1999లో సముద్ర మట్టానికి 5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో 90,100 హెక్టార్లు రామ్‌సార్ జాబితాకెక్కాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టారు. ఈ మూడూ సరస్సు గుండ్రాన్ని కాపాడే పనులు. సరస్సులోకి వచ్చే బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఆ గుండ్రం బయటే ఉన్నాయి. వాటి గట్ల మీద జరిగేది సరస్సులో తేలుతుంది.

పటం గీశాక అసలు ఉపయోగం మొదలవుతుంది. డబ్బు కొంచెమే ఉంటుంది, చెరువులు వేలల్లో ఉంటాయి. ఏది ముందు? పటం మీద ఒక్కో చుక్కనూ, ఒక్కో గీతనూ చెరిపి చూడటం ఇందుకు ఒక పద్ధతి. రెండు వాగుల వెంట రెండు వరుసల చెరువులు ఉన్నాయనుకుందాం. రెండూ ఒక చిన్న కుంట దగ్గర కలిసి, అక్కడి నుంచి కింద ఒక పెద్ద చెరువులోకి పోతాయి. అందరి కన్నూ పెద్ద చెరువు మీదే ఉంటుంది, దానికి కంచె వేస్తారు, కట్ట మీద దీపాలు పెడతారు. చెరిపి చూస్తే వేరే విషయం బయటపడుతుంది. ఆ కుంటను పూడ్చి ప్లాట్లు వేస్తే రెండు వరుసలూ ఒకేసారి తెగిపోతాయి. పెద్ద చెరువుకు నీళ్లు రావు, పై చెరువుల మత్తడి నీళ్లు ఇళ్లలోకి పోతాయి, కింది నుంచి చేప పైకి రాదు. అట్లాసులో ఆ కుంట 5,55,557 చుక్కల్లో ఒకటి.

చట్టం చూపు ఇంకా ఇక్కడికి రాలేదు. 2017లో వచ్చిన కేంద్ర చిత్తడి నేలల నియమాలు నదీ ప్రవాహ మార్గాలను, వరి పొలాలను, సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన జలాశయాలను తమ పరిధిలోంచి మినహాయించాయి. దక్కనులో గొలుసుకట్టు చెరువులు చాలావరకు సాగు కోసం కట్టినవే. వాటి మధ్య ఉన్నవి వాగులు, పొలాలు. అంటే చుక్కా పోయింది, గీతా పోయింది. తెలంగాణ పట్టణాల భవన నిర్మాణ నియమాల్లో, 2012 నాటి జీవో 168లో, పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్ల దూరం వదలాలి. పది మీటర్లకు మించిన నాలాకు 9 మీటర్లు వదలాలి. అంతకన్నా సన్నని నాలాకు 2 మీటర్లు చాలు. గొలుసులో లంకెలుగా ఉన్నవి ఎక్కువగా ఆ సన్నని నాలాలే. 1996 నాటి జీవో 111 మాత్రం భిన్నంగా ఆలోచించింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నీటిని చెడగొట్టే నిర్మాణాలను కట్టడి చేసింది, జలాశయంతో పాటు దానికి నీరందించే నేలను కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది.

గొలుసును మరిచిపోయిన ఫలితం హైదరాబాదులో పేర్లలోనే కనిపిస్తుంది. మా సాహెబా తలాబ్ ఒక కూడలి పేరుగా మిగిలింది, మాసబ్ ట్యాంక్. 2020 అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి నీళ్లు బెంగళూరు జాతీయ రహదారి మీదికి వచ్చి మనుషుల్ని, వాహనాల్ని లాక్కుపోయాయి. కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. 1908లో తెగిన చెరువుల నీరు వాగుల్లోంచి నదికి వచ్చింది. 2020లో ఆ వాగుల దారిలో బస్తీలు ఉన్నాయి.

గీత ఉంటే చాలు అంతా మంచే జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. మురుగు ప్రయాణించేదీ ఆ దారిలోనే. పై చెరువులో గుర్రపుడెక్క పడితే మత్తడి దూకిన రోజు అది కింది చెరువులో ఉంటుంది. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీర దాకా ఊరూరి చెరువులను పాడుచేసిన కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ శుద్ధి చేసిన వ్యర్థ జలాలను ఇప్పుడు 18 కిలోమీటర్ల పైపులైను మూసీ ఒడ్డున అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు తీసుకెళుతుంది. నక్కవాగు గోదావరి వాలులోనిది, మూసీ కృష్ణ వాలులోనిది. నగరం తాగే నీరు కూడా మంజీర నుంచి, ఎల్లంపల్లి దగ్గర గోదావరి నుంచి, నాగార్జునసాగర్ నుంచి వస్తుంది. వాడాక మూసీలో పడుతుంది. ఎండాకాలంలో కూడా నగరం దిగువన మూసీ పారడం అందువల్లే. ఆ నీటిని కత్వలు పట్టి చెరువులకు మళ్లిస్తాయి, దానితో వరి పండుతుంది. కొండల వాలు మాత్రమే చూసి గీసిన పటంలో ఈ గీతలు ఒక్కటీ ఉండవు. కాబట్టి కొన్ని గీతలను కలపాలి, కొన్నిటిని శుభ్రం చేశాకే కలపాలి, కొన్నిటిని కట్టెయ్యాలి. ఏది ఏమిటో ముందు తెలియాలి.

ఇది తెలుగు నేల ఒక్కదాని సమస్య కాదు. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం భూమి మీద 1.2 కోట్ల కిలోమీటర్ల నదీ మార్గాలను పరిశీలించింది. 1,000 కిలోమీటర్లకు మించిన నదుల్లో పుట్టిన చోటు నుంచి కలిసే చోటు దాకా అడ్డు లేకుండా పారుతున్నవి 37 శాతమేనని తేల్చింది.

మూసీ అనంతగిరి కొండల్లో మొదలై సుమారు 240 కిలోమీటర్లు పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. విశ్వేశ్వరయ్య 788 చెరువుల లెక్క చూసినప్పుడు ఉపగ్రహం లేదు, కంప్యూటర్ లేదు. ఈ రోజు ఆ జాబితాను తిరిగి పట్టుకుని, ఒక్కో చెరువుకూ పైన ఎవరున్నారు, కింద ఎవరున్నారు, మధ్య దారి తెరిచి ఉందా అని రాసుకుంటూ పోవడం ఒక జిల్లా యంత్రాంగానికి, ఒక విశ్వవిద్యాలయానికి సాధ్యమయ్యే పని. పూడిక తీసే క్రమం కూడా దాన్ని బట్టే మారుతుంది. ఒక గొలుసులో నడిమి చెరువును లోతు చేసి పైనుంచి వచ్చే కాలువను వదిలేస్తే ఆ లోతులోకి రావలసిన నీరు రాదు.

పటం గీసేవారు మొదలుపెట్టడానికి ఒక మంచి రాత్రి ఉంది. మృగశిర కార్తెలో తొలి గట్టివాన పడ్డ రాత్రి పల్లెల్లో జనం టార్చిలైట్లు, వలలు, బుట్టలు పట్టుకుని మత్తడి కిందికి పోతారు. కొత్తనీటి వాసనకు చేపలు రాళ్ల మీద ఎగిరెగిరి పైకి ఎక్కుతుంటాయి. ఏ ఊరి మత్తడి దగ్గర ఎక్కాయో, ఏ ఊళ్లో ఎప్పటినుంచి ఎక్కడం మానేశాయో ఆ నీళ్లలో నిలబడ్డవాళ్లకు తెలుసు. వాళ్లనడిగి రాసుకోవచ్చు.